కాకి లేని దీవిలో తద్దినం

కంప్యూటర్‌కి తెలియని సంగతి లోకంలో ఉండదని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. శాంటా క్లారాలో ఉద్యోగం, హెచ్‌వన్ వీసా, కొత్త కాపురం. కారుకి ఆయిల్ మార్చాలన్నా, అద్దె కట్టాలన్నా కంప్యూటర్ క్యాలెండర్‌లో పెట్టేసి, అది గంట కొట్టేదాకా హాయిగా మరిచిపోయేవాణ్ణి. (మా ఆవిడ పుట్టినరోజు గుర్తుచేస్తూ అది గంట కొట్టినప్పుడు ఆవిడ నా పక్కనే కూర్చుని ఉంది. ఆ పూట భోజనం గురించి చెప్పకపోవడమే మర్యాద.) అలాంటి నేను 2006 వేసవిలో మా మామగారి తల్లి తద్దినాన్ని కూడా ఆ క్యాలెండర్‌కే అప్పగించాను.

మామగారు బస్సు డిపోలో మేనేజర్‌గా చేసి రిటైరయ్యారు. మనిషి మితభాషి. మంత్రిగారి బావమరిది వస్తున్నాడన్నా బస్సును ఒక్క నిమిషం ఆపని మనిషని ఏలూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనా అత్తగారూ మా దగ్గరికి వచ్చినప్పుడు, హవాయి దీవుల చుట్టూ తిరిగే ఓడలో వారంరోజుల ప్రయాణం పెట్టింది మా ఆవిడ. ఆయన అడిగింది ఒక్కటే: "మా అమ్మ తద్దినం అడ్డు రాకుండా చూసుకోండి అల్లుడుగారూ." నేను కిందటేడు ఏ తారీఖున పెట్టారో అడిగి, దాన్ని క్యాలెండర్‌లో ఎక్కించి, "ప్రతి ఏటా" అన్నచోట టిక్ పెట్టాను. జూలై మొదటి వారమని చూపించింది. మేం జూన్‌లోనే తిరిగొచ్చేస్తాం. "ఏం ఇబ్బంది లేదు మామయ్యగారూ" అన్నాను. తిథి చంద్రుణ్ణి బట్టి నడుస్తుందనీ, తారీఖుతో దానికి సంబంధం లేదనీ మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ టిక్ పెట్టేటప్పుడు గుర్తు రాలేదు.

ఓడ హిలో రేవుకి చేరుతున్న రోజు తెల్లవారుజామున అత్తగారు డెక్ మీద నిలబడి సముద్రాన్ని చూస్తూ, "ఏమండీ, చంద్రుడేమిటీ మరీ గోరంత ఉన్నాడు? రెండు రోజుల్లో అమావాస్యలా ఉందే" అన్నారు. మామగారు అప్పుడే అలవాటు ప్రకారం షుగర్ మాత్ర వేసుకుని నీళ్ళ గ్లాసు కింద పెడుతున్నారు. వేళ్ళ కణుపుల మీద లెక్క పెట్టుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. "ఇవాళ జ్యేష్ఠ బహుళ త్రయోదశి" అన్నారు. అది ఆయన తల్లి తిథి. నన్ను ఒక్క మాటంటే బాగుండేది. "ఇవాళ మన వ్యాన్ ఎన్నింటికి?" అని మాత్రం అడిగారు.

వాళ్ళింటి పద్ధతి పెద్ద తంతు కాదు. స్నానం చేసి నువ్వులూ నీళ్ళూ వదలాలి. ఇంటి ఆడవాళ్ళు వండిన అన్నం కాకికి పెట్టాలి. కాకి ముట్టాకే ఇంట్లో మిగతావాళ్ళు భోంచెయ్యాలి. అందాకా ఆయన మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోరు. అయితే ఆ రోజు మేము ఎక్కాల్సింది ఓడవాళ్ళ బస్సు కాదు, మా ఆవిడ విడిగా మాట్లాడిన వ్యాన్. ఒక నల్లయిసుక బీచ్, భూమిలోంచి ఆవిరి లేచే చోటు, ఒక కాఫీ తోట చూపించి సాయంత్రానికి రేవులో దింపుతారు. వ్యాన్ ఆలస్యమైతే ఓడ మా కోసం ఆగదు. మాత్ర వేసుకున్న మనిషి ఎంతసేపు తినకుండా ఉండగలడో చూడటానికి డాక్టర్ కూడా వెంట లేడు. "అంతా మీ టిక్ వల్లే" అంది మా ఆవిడ.

ముందు నల్ల నువ్వులు కావాలి. ఓడలో ఫలహారాల హాలులో నేను బర్గర్ బన్ను మీది తెల్ల నువ్వులు గోటితో గీకుతూ ఉంటే, జపాన్ వంటల బల్ల దగ్గర మా ఆవిడ నల్ల నువ్వులు కనిపెట్టింది. అక్కడి వంటాయన కారణం అడక్కుండా చిన్న కప్పుతో ఇచ్చాడు. ఒక్కొక్కటే ఏరి, ఉప్పు తగల్లేదని తేల్చుకున్నాక మామగారు తలూపారు. నేను గీకిన నువ్వులు బన్నుతో సహా నేనే తిన్నాను. (కాకి ముట్టేదాకా తినకూడదన్న నియమం అల్లుడికి వర్తించదని అత్తగారు జాలితో తీర్పు చెప్పారు.)

వ్యాన్‌లో మేం నలుగురం కాక ఒహాయో నుంచి వచ్చిన వృద్ధ దంపతులు మాత్రమే ఉన్నారు. ఆయన ఒంటి మీద చొక్కా నిండా మందారాలే. వ్యాన్ నడిపేదీ చూపించేదీ కూడా ఆ దీవిలోనే పుట్టి పెరిగిన ఓ అరవయ్యేళ్ళావిడ. "నన్ను ఆంటీ అనండి. ఇక్కడ పెద్దవాళ్ళని అందరూ అలాగే పిలుస్తారు" అంది. అత్తగారి మొహం విప్పారింది. "చూశావా, వీళ్ళూ మనలాంటివాళ్ళే" అని కూతురి చెవిలో అన్నారు.

బీచ్‌లో ఇసుక నిజంగానే కాటుకలా ఉంది. మామగారు పంచె కట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి మునిగి లేచారు. ఒడ్డున ఎండ కాచుకుంటున్న తాబేళ్ళకు దూరంగా నిలబడి ఒహాయో ఆయన ఫొటోలు తీస్తున్నాడు. మామగారు దక్షిణానికి తిరిగి దోసిట్లో నువ్వులు పోసుకోగానే, ఎవరూ చెప్పకుండానే ఆయన కెమెరా దించి టోపీ తీసేశాడు. మామగారు తల్లి పేరూ గోత్రమూ చెప్పి మూడుసార్లు నీళ్ళు వదిలారు. గొంతు ఎక్కడా తొణకలేదు. ఆ ముసలమ్మగారిని నేను ఫొటోలో తప్ప చూడలేదు. అయినా ఆవిడకి నేను అపచారం చేశానన్న భయం పట్టుకుంది.

తడి పంచెతో వ్యాన్ సీట్లో కూర్చోనని మామగారు కింద తువ్వాలు పరుచుకున్నారు. ఆవిరి లేచే చోటికి వెళ్ళాక నాకు ఓ ఉపాయం తోచింది. భూమిలోంచి వేడి తన్నుకొస్తోంది, పంచె దాని ముందు పట్టుకుంటే ఇట్టే ఆరిపోతుంది! మామగారు ప్యాంటు తొడుక్కుని పంచె నా చేతికిచ్చారు. కంచె ఇవతల గడ్డిలో సన్నగా ఆవిరి వస్తున్న చోట నేనూ మా ఆవిడా చెరో కొసా పట్టుకుని నిలబడ్డాం. కాసేపటికి పంచె మునుపటి కంటే ఎక్కువ తడిసింది. నా చొక్కా, జుట్టు, కళ్ళద్దాలు కూడా తడిశాయి. ఆవిరంటే నీళ్ళేనన్నది నేను రెండు డిగ్రీలు చదివాక అక్కడ అనుభవపూర్వకంగా తెలుసుకున్నాను. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక కూలబడింది. మామగారు మాత్రం ఇటు చూడనే లేదు. ఈ నేలలో ఒక అగ్నిదేవత ఉంటుందని ఆంటీ చెబితే, పొగ లేస్తున్న వైపు తిరిగి చేతులు జోడించి నిలబడ్డారు. ఆయన మాత్ర వేసుకుని అప్పటికి ఎన్ని గంటలైందో నేను లెక్క పెట్టుకున్నాను.

కాఫీ తోటకి వెళ్ళేలోపు నేను ఆంటీకి సంగతంతా చెప్పేశాను. ఆవిడ తోటవాళ్ళకి ఫోన్ చేసింది. మేం దిగేసరికి అత్తగారి కోసం వంటిల్లు ఖాళీగా ఉంది. గట్టు మీద, మన ఇళ్ళలోలాగే, ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్. అత్తగారు కాళ్ళూ చేతులూ కడుక్కుని, గిన్నె మళ్ళీ తోమి (తోటావిడ మొహం కొంచెం చిన్నబోయింది), గుప్పెడు బియ్యం వండి, వెన్న కరిగించి వేశారు. తోటాయన అరిటాకు కోసి ఇచ్చాడు. కాఫీ చెట్ల అవతల రాతిగోడ మీద ఆకు పరిచి, అన్నం ముద్ద పెట్టి, మామగారు దూరంగా జరిగి నిలబడ్డారు.

కాకి రాలేదు.

"పిలవండి అల్లుడుగారూ, నాకు గొంతు ఆరిపోతోంది" అన్నారు. నేను అటూ ఇటూ చూసి, ఎవరికీ వినబడనంత మెల్లగా "కావ్, కావ్" అన్నాను. "అలా ఆఫీసులో మాట్లాడినట్టు పిలిస్తే ఏ కాకి వస్తుందండీ?" అంది మా ఆవిడ. గొంతు పెంచాను. ఒహాయో ఆయన దగ్గరికొచ్చి, ఏ పక్షి కావాలని అడిగాడు. ఆయనకి బాతుల వేట అలవాటట. రెండు చేతులూ నోటికి అడ్డుపెట్టుకుని, మందారాల చొక్కా ఎగిరెగిరి పడేలా ఒక అరుపు అరిచాడు. తోటలో కుక్క మొరిగింది. మామగారు ఎంతో గంభీరంగా ఆయనకి "థ్యాంక్యూ సర్" అన్నారు. మేమిద్దరం వంతులవారీగా అరుస్తూనే ఉన్నాం.

మామగారి నుదుటి మీద చెమట పట్టింది. గోడ పట్టుకుని కూర్చున్నారు. మా ఆవిడ ఏడుపు గొంతుతో, "నాన్నా, ప్లీజ్. కనీసం జ్యూస్ తాగు. షుగర్ డౌన్ అయితే ఇక్కడ హాస్పిటల్ కూడా దగ్గర్లో లేదు" అంది.

"నేను డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చినా మా అమ్మ తినకుండా కూర్చునే ఉండేదమ్మా" అన్నారాయన. "ఆవిడ తినకుండా నేను తింటానా? ఏడాదికి ఒక్కపూట ఆగలేనా?"

ఆంటీ నన్ను పక్కకి పిలిచింది. ఇక బయల్దేరకపోతే ఓడ అందదని చెప్పబోతోంది అనుకున్నాను. "నువ్వు అరుస్తున్నది కాకి కోసమా?" అంది. అవునన్నాను. "బాబూ, ఈ దీవిలో మాకూ ఒక కాకి ఉండేది. ఇప్పుడు అడవిలో ఒక్కటి కూడా లేదు. మిగిలిన కొన్నింటినీ బోనుల్లో పెట్టి పెంచుతున్నారు. పోయినవాళ్ళకి దారి చూపించేది ఆ పక్షేనని మా పెద్దవాళ్ళు కూడా అనేవారు." ఆవిడ గొంతులో ఇంట్లో మనిషి గురించి చెబుతున్నప్పటి బాధ ఉంది.

ఈ మాట ఆయనకి ఎలా చెప్పను? ఇవాళ కాకి రాదు, రేపూ రాదు, ఎన్నటికీ రాదు అని చెప్పాలి. నా ఒక్క టిక్ మూలంగా ఆ పెద్దాయన సముద్రం మధ్యకి, కాకి అన్నదే లేని చోటికి వచ్చి తల్లికి అన్నం పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నా మొహం చూశారు. కోపం లేదు, దిక్కుతోచనితనం ఉంది. డిపో మొత్తాన్ని ఒంటిచేత్తో నడిపిన మనిషి కళ్ళలో దాన్ని చూడటం నాకు చాలా కష్టమనిపించింది.

అప్పుడే అరిటాకు దగ్గర రెక్కలు టపటపలాడాయి. రెండు గోరింకలు. మన ఊళ్ళో ఉండేవే, పసుప్పచ్చ ముక్కూ కాళ్ళూ. ఒకటి మెతుకు పొడిచి తల వంకర తిప్పి మమ్మల్ని చూసింది. మా ఆవిడ "హుష్" అంటూ తరమబోయింది. "ఆగమ్మా" అన్నారు మామగారు. ఇవి ఇక్కడివేనా అని ఆంటీని అడగమన్నారు. కాదంది ఆంటీ. వందేళ్ళ పైమాటే, పొలాల్లో పురుగుల్ని తినడానికి ఇండియా నుంచి తెప్పించారట. నేను ఆ మాట ఆయనకి తెలుగులో చెప్పాను.

మామగారు ఆ పక్షుల వైపు తిరిగారు. అవి గబగబా, మొహమాటం లేకుండా తింటున్నాయి. "బస్సు లేని రూట్‌లో జనం ఏం చేస్తారు అల్లుడుగారూ?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "దొరికిన బండెక్కి వస్తారు. కాకి లేని ఊరికి కాకి మీదే రమ్మంటే మా అమ్మ ఎలా వస్తుంది, పాపం?" అని లేచి, చెప్పులు విడిచి, ఆ గోరింకలకి దణ్ణం పెట్టారు. చేతులు దించి కళ్ళు తుడుచుకున్నారు. "పదండి. మన కోసం బండి ఆగకూడదు" అని, వ్యాన్ ఎక్కాకే అత్తగారు కలిపిచ్చిన అన్నం ముద్ద అందుకున్నారు. ఒహాయో ఆవిడ తన సంచిలోంచి నారింజ వొలిచి ఇస్తే అదీ తిన్నారు. ఓడ మెట్లు లాగేయడానికి కొంచెం ముందు రేవుకి చేరాం. చివరిగా ఎక్కినవాళ్ళం మేమేనని ఆయన సిగ్గుపడ్డారు.

మామగారు పోయి కొన్నేళ్ళయింది. మా ఆవిడకి అన్నదమ్ములు లేరు, కాబట్టి ఆయన తిథి మేమే పెడతాం. శాంటా క్లారాలో కాకులకి కొదవ లేదు. ఆ రోజు తోటలో ఎవరైనా చూస్తారేమోనని గొంతులోనే అరిచిన ఆ పాతికేళ్ళ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. ఇప్పుడు పెరట్లో నిలబడి, పక్కింటివాళ్ళు కిటికీ తెరిచి చూస్తున్నా, నిండు గొంతుతో పిలుస్తాను. కానీ రెండుసార్లు పిలిచానో లేదో, గోడ మీదికి గుంపుగా వాలిపోతాయి. ఇంకొంచెంసేపు పిలవనిస్తే బాగుండునని ఉంటుంది.