ముందు నోటితో చెయ్యి చూద్దాం

బండిలో వస్తున్న చప్పుడు ఏదో మన నోటితో చేసి చూపిస్తే తప్ప మా మెకానిక్కు గౌదెంజియో ఆ బండి వైపు కన్నెత్తి చూడడు. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. ఒక్కటైనా లోయ మొత్తానికీ సరిపోయింది.

ఇటలీలో బెర్గామో పైన మా లోయలో కొండదారి మోటారుబండి లేని ఇల్లు లేదు. బండి అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మూలుగుతుంది. వేరే ఊళ్లలో మెకానిక్కులు బండి స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వింటారు. మర్యాదస్తులు. మా గౌదెంజియో చేతులు కట్టుకుని నిలబడతాడు. మనం కిక్ కొట్టబోతే కాలికి పానా అడ్డం పెడతాడు. “దాని సంగతి తర్వాత. ముందు నోటితో చెయ్యి చూద్దాం.” షెడ్డేమో సరిగ్గా బారుకి ఎదురుగా ఉంటుంది.

మా ఫాదర్ దోన్ ఎలిజియో పై ఊళ్లలో ప్రార్థన చేయించడానికి బండి మీదే వెళతారు. ఆయన్నీ వదల్లేదు.

“గర్ గర్ మంటోంది గౌదెంజియో.”

“గొంతులోంచా, పళ్ల మధ్య నుంచా?”

“గొంతులోంచే అనుకుంటా.”

“అనుకోవడమేంటి ఫాదర్! దేవుడున్నాడని కూడా ఇలాగే అనుకుంటున్నారా? గట్టిగా చెయ్యండి. రేజ్ ఇస్తే ఏమవుతోంది?”

పాపం ఆయన అంగీ పైకి దోపుకుని, లేని హ్యాండిల్ పట్టుకుని, నడిబజార్లో రేజ్ ఇచ్చారు. బార్లో పేకాడుతున్నవాళ్లు ముక్కలు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. గౌదెంజియో మాత్రం నవ్వలేదు. “క్లచ్ బేరింగు” అని తేల్చేశాడు. అదే అయింది. ఆ ఆదివారం ఫాదర్ ఓర్పు గురించి గంటసేపు ప్రసంగించారు.

ఇంకోసారి మిలాన్ నుంచి ఒకాయన మెరిసిపోయే కొత్త బండి తెచ్చాడు. తెలివైనవాడు కాబట్టి చప్పుడుని ఫోన్లో రికార్డు చేసుకుని మరీ వచ్చాడు. గౌదెంజియో మొహం జేవురించింది.

“ఫోను విన్నది సరే. నువ్వు విన్నావా?”

“అందులో స్పష్టంగా ఉంది కదండీ!”

“అయితే రేపట్నుంచి కొండమీదికి ఫోన్నే పంపించు. నువ్వు ఇంట్లో కూర్చో.”

పెద్దమనిషి తిట్టుకుంటూ వెళ్లిపోయి, వారానికి భార్యతో తిరిగొచ్చాడు. ఆవిడ మొదటిసారికే పొల్లుపోకుండా చేసింది. బండి ఆవిడ పేర రాయించమని గౌదెంజియో సలహా ఇచ్చాడు.

ఇవన్నీ విని మీరు నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండుతోంది. ఎందుకో చెబుతాను.

ఏటా సెప్టెంబరులో మా కొండల్లో రెండు రోజుల రేసు జరుగుతుంది. ఆడవాళ్లలో గెలిచినామె ఊరి బార్లో ఏడాది పొడుగునా ఒక పెద్ద ఆవుగంట వేలాడుతుంది. మూడేళ్లుగా అది పక్క లోయవాళ్ల దగ్గరే ఉంది. ఆ గంట తెస్తానని నేను మా మొక్కజొన్న సంకటి, పొలెంటా తింటూ నలుగురి ముందూ ప్రమాణం చేశాను. రేసుకి ముందు శుక్రవారం నా బండిలో చప్పుడు మొదలైంది.

“టిక్ టిక్ టిక్” అన్నాను షెడ్డులో నిలబడి.

“పిల్లి తుమ్మినట్టుంది. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?”

“రెండింటిలోనూ.”

“ఏదో ఒకటి ఎక్కువుంటుందమ్మా! పో, చర్చి దాకా వెళ్లి విని రా.”

మూడుసార్లు పంపాడు. మూడోసారి నేను నిజంగానే కేకలేశాను. “బాబాయ్, రేపు పొద్దున రేసు! నేను ఇంజన్ని కాదు, మనిషిని!”

“మనిషివైతే చెవులున్నాయిగా. చెయ్యి.”

చేశాను. బారు మొత్తం విన్నది. వాల్వు సందు పెరిగిందన్నాడు. ఇంజన్ చల్లారేదాకా నన్ను డబ్బా మీద కూర్చోబెట్టి, సన్నటి రేకు దూర్చి కొలిచి సరిచేశాడు. ఆ రాత్రి నిద్రలో కూడా నేను టిక్ టిక్ మన్నానని మా ఆయన చెప్పాడు.

మా రేసులో పాత పద్ధతి. ఆ రెండు రోజులూ బండి మీద నడిపేవాళ్ల చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. బండ్లు బాగుచేసుకునే చోటు చుట్టూ టేపు కడతారు. మెకానిక్కు బయట నిలబడి మాటలు చెప్పొచ్చు. వేలు లోపల పెడితే మనం ఇంటికే.

ఆదివారం నేను రెండో స్థానంలో ఉన్నాను. ముందున్నది పక్క లోయ పిల్ల తెక్లా, ఇరవై రెండేళ్లది, తేడా కొద్ది సెకన్లే. అప్పుడే నా బండి మళ్లీ కొట్టుకోవడం మొదలెట్టింది. బాగుచేసుకోవడానికి ఉన్నది పది నిమిషాలు. చుట్టూ నలభై బండ్లు గర్జిస్తున్నాయి. టేపు అవతల నిలబడ్డవాడికి నా ఇంజన్ ఒక్క ముక్క వినబడదు.

పరుగెత్తి గౌదెంజియో మొహం ముందు నిలబడి, “టప్ టప్ టప్, ఫుస్!” అన్నాను. నన్నెవరూ అడగలేదు. నోరు దానంతటదే చేసేసింది.

“రేజ్ ఇస్తే?”

“టప్పటప్పటప్ ఫుస్ ఫుస్!”

“కాలికి వేడిగాలి తగులుతోందా?”

“తగులుతోంది!”

“వాల్వు కాదు. సైలెన్సరు గొట్టం ఇంజన్‌ని కలిసేచోట రెండు నట్లు వదులయ్యాయి. చెయ్యి కాల్చుకోకు.”

రెండు నిమిషాల్లో బిగించాను. చప్పుడు పోయింది. నలభై ఏళ్లుగా ఈ మనిషి మా అందరి పరువూ ఎందుకు తీస్తున్నాడో అప్పుడు అర్థమైంది. ఆ టేపు దాటి ఆయన చెయ్యి రాలేదు, ఆయన చెవీ రాలేదు. అందుకే మాకు చెవులు తయారుచేశాడు. నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది.

అలా అనిపించింది అరనిమిషమే. వెనక్కి తిరిగి చూద్దును కదా, తెక్లా బండి ఆపుకుని ఏడుస్తోంది. వాళ్ల మెకానిక్కు టేపు బయట చెవికి చెయ్యడ్డం పెట్టుకుని “వినబడట్లేదే!” అని అరుస్తున్నాడు. గౌదెంజియో వాణ్ణి భుజంతో పక్కకి నెట్టాడు. జన్మలో ఎవరికీ ఒక్క చప్పుడూ చేసి చూపించని మనిషి, డెబ్బయ్యేళ్లవాడు, బుగ్గలు పూరించి మొదలెట్టాడు.

“కటకటా? కాదా? గిర్రుమని తిరుగుతోందా? డబ్ డబ్బా? రేజ్ వదిలితే చరచర్లాడుతోందా?”

ఆ చరచరకి ఆ పిల్ల గబగబా తలూపింది.

“బాబాయ్! అది పక్క లోయ పిల్ల!” అని అరిచాను.

“అయితే? బండి ఏడుస్తోంటే ఏ లోయైతే ఏంటి!” అని నామీద విరుచుకుపడి, ఆ పిల్లకి చెప్పాడు. “చైను సాగిందమ్మా. వెనక ఇరుసు నట్టు వదులు చేసి, చక్రం కాస్త వెనక్కి లాగి బిగించు. ఏడుపు తర్వాత.”

తెక్లా నన్ను పదకొండు సెకన్ల తేడాతో ఓడించింది. గంట నాలుగో ఏడూ వాళ్లకే పోయింది.

సోమవారం పొద్దున్నే షెడ్డుకెళ్లి కడిగేశాను. “పదకొండు సెకన్లు, బాబాయ్!”

“అవి నువ్వు మలుపుల్లో పారేసుకున్నావ్” అన్నాడు. గొంతు బొంగురుపోయి మాట సరిగ్గా రావట్లేదు, కోపం మాత్రం నాకంటే ఎక్కువే ఉంది. “ఆ లోయలో ఇంతమంది మెకానిక్కులున్నారు, ఆ పిల్లకి చప్పుడు చెయ్యడం నేర్పినవాడు ఒక్కడూ లేడు! సిగ్గుండక్కర్లా?”

అప్పుడు చూశాను. తెక్లా ఓ మూల బండి పట్టుకుని నిలబడి ఉంది, మొహం ఎర్రగా చేసుకుని.

“నాకు గొంతు పోయింది. నువ్వు నేర్పు” అన్నాడు.

నేర్పాను, పళ్లు కొరుకుతూనే నేర్పాను. సాయంత్రానికి ఆ పిల్ల చైను వేరుగా, వాల్వు వేరుగా, బేరింగు వేరుగా చేసేస్తోంది. బంగారం లాంటి చెవి. వచ్చే ఏడు దాన్ని ఓడించడం నా తరం కాదు.