రేవు పక్కన పాత విగ్రహం

రోడ్స్ నగరంలో దమగేతు పని రాతి మీద పేర్లు చెక్కడం. అంతకంటే ఎక్కువగా, ఉన్న పేర్లు చెరపడం. రోమ్ నుంచి పెద్దమనిషి ఎవరొచ్చినా నగరసభ ఒక విగ్రహం పెట్టి గౌరవిస్తుంది. కొత్తగా కంచు విగ్రహం పోత పోయించదు. నగర సేనాని వీధిలో నడుస్తూ పాత విగ్రహం ఒకదాన్ని వేలితో చూపిస్తాడు. దమగేతు దాని పీఠాన్ని ఉలితో నున్నగా గీకి, కొత్త పేరు చెక్కి, అక్షరాల్లో ఎర్రరంగు నింపుతాడు. తండ్రీ అదే పని చేశాడు, రాతిదుమ్ముకు దగ్గి దగ్గి పోయాడు. ఇప్పుడు దమగేతుకూ దగ్గు మొదలైంది.

ఆ వసంతంలో వచ్చిన రోమన్ ఒకప్పుడు సైన్యంలో చేసినవాడు. యోధుడి విగ్రహమైతే బాగుంటుందన్నాడు. సేనాని వేలు రేవు పక్కనున్న తిమర్ఖు విగ్రహం మీద ఆగింది.

తిమర్ఖు దమగేతు తల్లికి ముత్తాత. రోమన్ ఓడలు ఈ రేవు మీద పడ్డ రోజున ఎదురెళ్లి సముద్రంలో మునిగిపోయాడు. శవం దొరకలేదు. సమాధి లేదు. ఉన్నది పీఠం మీద పేరొకటే.

వేరే విగ్రహం చూపించమని దమగేతు బతిమాలాడు. సేనాని కోప్పడలేదు.

"చూపిస్తానయ్యా. ఎవరి తాతను చూపించమంటావో నువ్వే చెప్పు."

దమగేతు వీధి పొడవునా చూశాడు. అడిగే దిక్కులేని విగ్రహాలన్నీ తన చేతి మీదుగా ఎప్పుడో అయిపోయాయి. మిగిలినవన్నీ చుట్టాలవి, ఇరుగుపొరుగువాళ్లవి. సరేనని తలూపాడు. తను కాదంటే ఊళ్లో ఇంకో ఉలి ఉంది.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి తల్లి కల్లిస్త్రత పీఠానికి వీపు ఆనించి కూర్చుని ఉంది. చేపలమ్మేవాడొకడు, రోమన్ దొరగారిని మొయ్యడానికొచ్చావా అవ్వా అని నవ్వాడు. ఆమె అటు చూడలేదు.

"లేమ్మా," అన్నాడు దమగేతు.

"పక్కింటి క్లెయోనుమి వాళ్ల తాత పేరు చెరిపిననాడు ఆ పిల్ల ఏడ్చుకుంటూ నీ దగ్గరికొచ్చిందిగా. దానికేం చెప్పావురా?"

అతను ఉలి చేయి మార్చుకున్నాడు. పని చూడమని సేనాని పంపిన బానిస నీడలోకి జరిగి నిలబడ్డాడు.

"నాకూ చెప్పరా."

"మనిషి అలాగే నిలబడి ఉంటాడు, పోయేది పేరొక్కటే అన్నాను."

"ఊరుకుందా?"

"ఊరుకుంది."

తల్లి చేయి చాచింది. పట్టుకుని లేపాడు. ఆమె వెనక్కి తిరగకుండా చేపల గంపల మధ్యగా ఇంటికి నడిచింది.

దమగేతు మొదటి అక్షరం మీద ఉలి ఆనించాడు. సముద్రపు గాలికి రాయి మెత్తబడి ఉంది. అక్షరం తొందరగానే చెరిగిపోయింది.