బరువు మీదే బిగించాలి

మహిళా దినోత్సవం నాడు గౌరీబాయికి ఎవరో శాలువా కప్పారు. మర్నాడు ఆమె దానితో గ్రీజు చేతులు తుడుచుకుంది. మిర్యాలగూడ బైపాస్ పక్కన లారీల బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్ కట్టలు విప్పి బిగించే మనిషికి కావలసింది సన్మానం కాదు, పని. భర్త పోయాక పన్నెండేళ్లు షెడ్డు నడిపి, నిరుడు బోర్డు మీద ‘గౌరీబాయి కమాన్ వర్క్స్’ అని రాయించింది. షెడ్డులో సగం వాటా ఉన్న మరిది లింగ్యాకు అప్పట్నుంచీ ఆ బోర్డు కంట్లో నలుసు.

“ఆడపేరు సూసి లారీలోళ్లు బండి ఆపుతలేరు వదినా. నా పేరు రాపిద్దాం. పని నువ్వే చెయ్యి.”

“పని నాదైతే పేరు నీదెట్లయితది?”

ఈ వాదన తెగకముందే కోదాడ నుంచి సాయితేజ అనే కుర్రాడు దిగాడు, ఇరవై ఏళ్లనాటి రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారుతో. గతుకు తగిలితే చాలు, ముందు ఎడమ చక్రం దగ్గర కిర్రుమంటుంది, వెంటనే టక్కుమంటుంది. రెండు పెద్ద వర్క్‌షాపులు ఉన్న సామానంతా మార్చాయి. సాయితేజ వాళ్లమ్మ నిమ్మకాయలు కట్టింది. చప్పుడు దేన్నీ ఖాతరు చేయలేదు.

“అందరూ అమ్మేయమంటున్నారక్కా. నాకేమో మనసు రావట్లేదండి.”

లింగ్యా నవ్వాడు. “కమాన్లు కొట్టే చేతికి గీ కారెందుకు వదినా? ఆ సప్పుడు బందైతే బోర్డు నీదే. కాకుంటే నాది.”

“సరే. పెయింటర్‌కు చెప్పి పెట్టుకో,” అంది గౌరీబాయి.

సాయితేజను కారు ముందు భాగం పట్టుకుని ఊపమని, తాను కింద దూరి ఒక్కో ముక్క మీద అరచెయ్యి పెట్టింది. చప్పుడు ఎక్కడ పుడుతోందో చెప్పడంలో చెవి మోసం చేస్తుంది, చెయ్యి చెయ్యదు. చక్రాన్ని పట్టి ఉంచే ‘లోయర్ ఆర్మ్’ అనే ఇనుప కడ్డీ చివర, బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ దగ్గర వేళ్లు అదిరాయి. విప్పి చూస్తే రబ్బరు కొత్తదే. కానీ మెలితిరిగి చీలింది. ఇంకో బుష్ తెప్పించి, వర్క్‌షాపులవాళ్లలాగే కారును జాకీల మీద లేపి ముచ్చటగా బిగించింది.

పది రోజులు నిశ్శబ్దం. పదకొండో రోజు కారు కిర్రుమంటూ వచ్చింది. లింగ్యా పెయింటు డబ్బా తెచ్చి బోర్డు కింద పెట్టాడు.

గౌరీబాయి డబ్బా వైపు చూడలేదు. కారు వైపే చూసి చూసి నుదురు కొట్టుకుంది.

“లారీ కమాన్ బోల్టు ఎన్నడన్న గాల్లో బిగించిన్నా నేను? బండి నేల మీద, బరువు మీద ఉంటెనే బిగిస్త. ఎర్ర కారును సూసి బెదిరి, పెద్ద షాపులోళ్ల లెక్క చేసిన!”

చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు అలాగే పట్టేసుకుంటుంది. కారు నేలకు దిగగానే మెలిపడుతుంది. ఆ పైన ప్రతి గతుకూ దాన్ని ఇంకాస్త చీలుస్తుంది. రెండు వర్క్‌షాపులకు తెలియనిది ప్రతి లారీ మెకానిక్‌కూ తెలుసు.

పక్క మిల్లు నుంచి పాతిక కిలోల బియ్యం బస్తాలు తెప్పించింది.

“సీట్లో బియ్యమాండీ?”

“నీ బరువెంత తమ్మీ?”

“డెబ్బై అయిదు.”

“మూడు బస్తాలు. నీ లెక్క ఊకె కదలయి, మాట్లాడయి.”

బస్తాలను సీట్లో కూర్చోబెట్టి, కారును లారీల కింద దిగి పనిచేసే గుంత మీదికి తోయించి, నాలుగు చక్రాలూ నేల మీదుండగా కింది నుంచి కొత్త బుష్ బోల్టు బిగించింది.

“నెల దినాలు తిప్పి రా. అందాక డబ్బా మూత పెట్టు లింగ్యా, ఎండిపోతది.”

లారీలు తొక్కి తొక్కి గుంతలు చేసిన కోదాడ రోడ్డు మీద సాయితేజ నెల తిప్పాడు. కారు షెడ్డు ముందుకొచ్చి ఆగిన సంగతి లింగ్యాకు హారన్ కొడితేగానీ తెలియలేదు.

గౌరీబాయి పెయింటు డబ్బా మూత తీసింది. “తెచ్చినవు గద, దండుగెందుకు?” అని పెయింటర్‌ను పిలిపించి, తన పేరు కింద ఇంకో వరుస రాయించింది: ‘కార్లు కూడా’.

“లారీలోళ్లు సూసి నవ్వుతరు వదినా.”

“నవ్వేటందుకన్న బండి ఆపుతరు గద!”