గూట్లో పెట్టిన మాటలు

చిన్నత్తది బద్ధకమని, నోట్లో ప్లేటు పెట్టుకోకనే మాట పోగొట్టుకుందని మావాళ్లు ఇప్పటికీ అంటారు. శుద్ధ అబద్ధం. నిన్న హనుమకొండలో పళ్ల డాక్టరు నా నోట్లో పళ్ల అచ్చు తీసే ముద్ద పెట్టగానే ఆ గులాబీ రంగు ప్లేటే గుర్తొచ్చింది.

మా నాన్న చెల్లెలు చిన్నత్తకు పుట్టుకతోనే అంగిట్లో చీలిక. నన్ను "మిణ్ణా" అని పిలిచేది. ఆ చీలికను మూసే ప్లేటు దవాఖానలో పెట్టించుకొచ్చిన రోజు తేటగా, "బిడ్డా, జర ఇటు రా" అంది. మాటలన్నీ ఆ ప్లేటులోనే ఉన్నాయనుకున్నాను.

తిన్నాక దాన్ని తీసి కడుక్కోవాలి. అది చూసి నాయనమ్మ భగ్గుమంది. "నోట్లకెళ్లి తీసుడు, మళ్ల నోట్ల పెట్టుడా? దేవుడున్న ఇల్లు! ఆ ఎంగిలిది లోపలికి రావద్దు."

ప్లేటు పెరట్లో స్నానాలగది గూటికి చేరింది. రోజంతా వంటింట్లో ఉండే చిన్నత్తకు దాన్ని పెట్టుకునే వీలే లేకపోయింది. రానురాను మాట్లాడడమే మానేసింది. నేను గూటికి చెవి ఆనించి, "అత్తా, నీ మాటలు గీడనే ఉన్నయే!" అని అరిచేదాన్ని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

కొన్నేళ్లకు నాయనమ్మ కట్టుడు పళ్లు పెట్టించుకుంది. వాటితోనే దేవుడి గదిలో కూర్చుని గొంతెత్తి భజనలు పాడేది. గడప ఇవతల చిన్నత్త నోరు మూసుకుని ఒత్తులు చేసేది.

ఆ పళ్లు ఎందుకు ఎంగిలి కాలేదో మావాళ్లలో ఒక్కరైనా చెబుతారా?