ఏడుపక్క కూతురి ఏడుపు

డబ్బింగ్ థియేటర్లో ఆమెను అందరూ ఏడుపక్క అంటారు. తెర మీద ఏ తల్లి గుండెలు బాదుకున్నా, ఏ కోడలు కుమిలిపోయినా ఆ గొంతు ఈవిడదే. ఏళ్ళ తరబడి ఏడుస్తోంది కానీ కంట్లో చుక్క నీరు రాదు. "కన్నీళ్ళొస్తే ముక్కు మూసుకుపోతుందమ్మా, మాట ముద్దగా వస్తుంది. పొడి ఏడుపే మన పని," అని కొత్తవాళ్ళకి చెబుతుంది. టేకు అవ్వగానే వేడినీళ్ళు ఒక గుక్క తాగి, "ఆకలి దంచేస్తోంది, తినడానికేమైనా ఉందా?" అంటుంది.

ఆ మధ్య ఒక పెద్ద సినిమా డబ్బింగుకి వచ్చింది. తాతల నాటి పిల్లల నవలల్ని కలిపి కొత్తగా తీశారు. గడియారాల కొట్టు వెనక తలుపు తీస్తే ఇంకో లోకం. అక్కడ మాట్లాడే ఎలుగుబంటి, దానికో చిన్నపిల్ల నేస్తం. ఆ పిల్లకి గొంతు కావాలంటే ఏడుపక్క తన కూతురు పిట్టని తీసుకెళ్ళింది.

పిట్ట మాటలన్నీ గలగలా చెప్పేసింది. ఎలుగుబంటి చచ్చిపోయే సీను దగ్గరే చిక్కొచ్చింది.

"అమ్మడూ, అది ఏడుపు కాదు, దగ్గు," అన్నాడు అద్దం అవతల నుంచి డైరెక్టరు.

"అది గ్రాఫిక్సు ఎలుగుబంటే కదంకుల్! ఏడుపెలా వస్తుంది?"

అందరూ నవ్వారు. మళ్ళీ మళ్ళీ చేశారు. చివరికి డైరెక్టరు నవ్వడం మానేసి, "అక్కా, రేపు వేరే పాపని చూద్దామా?" అన్నాడు.

ఏడుపక్కకి తల కొట్టేసినట్టయింది. తన కడుపున పుట్టిన పిల్లకి ఏడుపు రాదా!

"ఒక్క నిమిషం. నేను చెయ్యెత్తగానే సీను వదలండి," అని చెప్పి పిట్ట పక్కన వంగింది.

"పిట్టా, ఇందాక నాన్న ఫోన్ చేశాడే. మన బూడిద... లారీ కింద పడిందట."

బూడిద వాళ్ళ పిల్లి. రోజూ పిట్ట కాళ్ళ దగ్గరే పడుకుంటుంది.

పిట్ట నోరు తెరుచుకుంది. తల్లి చెయ్యెత్తింది.

ఒక్క టేకులో ఓకే అయింది. అద్దం అవతల మిషను దగ్గర కుర్రాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కాసేపూ తల్లి చెయ్యి కూతురి వీపు మీదే ఉంది. చూపు మాత్రం తెర మీద ఉంది, అక్కడి పిల్ల పెదాలకి ఈ ఏడుపు కలిసిందా లేదా అని.

"అబద్ధమేనే పిచ్చిదానా! బూడిద ఇంట్లోనే ఉంది," అంది తర్వాత, నవ్వుతూ. పిట్ట నవ్వలేదు. ఇంటికెళ్ళి, బట్టల బుట్టలో నిద్రపోతున్న పిల్లిని లేపి మరీ చూసుకుంది.

అప్పట్నుంచీ పిట్టకి ఒక మాట అలవాటైంది. "సూది నొప్పెట్టదే" అంటే, "నిజమా, డబ్బింగా?" "సాయంత్రం పెందలాడే వస్తా" అంటే, "నిజమా, డబ్బింగా?" తండ్రి పడీపడీ నవ్వేవాడు. ఏడుపక్క కూడా నవ్వేది. రాత్రి అన్నం మాత్రం సయించేది కాదు.

సినిమా విడుదలైంది. తల్లీకూతుళ్ళు వెళ్ళారు. ఎలుగుబంటి కళ్ళు మూసింది. హాలంతా పిట్ట ఏడుపు మోగింది.

"ఎంత బాగా ఏడ్చిందో కదా ఆ పిల్ల!" అంది వెనక సీట్లో ఎవరో ఆవిడ, ముక్కు చీదుకుంటూ.

పిట్ట రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. తల్లి దాన్ని ఎత్తుకుని బయట వరండాలోకి తెచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టి, తానూ కూలబడింది.

"తప్పయిపోయిందే తల్లీ. ఇంకెప్పుడూ అలా చెప్పను. నీ మీద ఒట్టు," అంటూ ఏడ్చేసింది. ముక్కు మూసుకుపోయింది, మాట ముద్దయింది.

పిట్ట ఆమె మొహంలోకి వంగి చూసింది.

"నిజమా, డబ్బింగా?"

ఇన్నేళ్ళుగా అందరినీ నమ్మించిన గొంతు ఇప్పుడెందుకూ పనికి రాలేదు. పిట్ట వేలితో తల్లి చెంప తడిమి, ఆ వేలు చూసుకుంది.

"తడిగానే ఉంది," అంది. వేలు గౌనుకి తుడుచుకుని, "అయినా ఇంటికి పోదాం పద. బూడిదని చూడాలి," అంది.