దెబోరా రాసిన రాజీపత్రం

ఖానాపూర్ పక్కన ఆ నాలుగైదు ఊళ్లలో ముప్పై ఏళ్ల లోపు వాళ్లు చాలామంది దెబోరా చేతుల్లోనే పుట్టారు. ముప్పై రెండేళ్లు ఏఎన్ఎం నర్సుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. వాగు పొంగితే చెప్పులు చేతబట్టుకొని నడుము లోతు నీళ్లు దాటి వెళ్లి కాన్పు చేసేది. ఆదివారం మెథడిస్టు చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. చర్చికి వచ్చేవాళ్లకే కాదు, ఊరందరికీ ఆమె సిస్టరమ్మ.

రిటైరైన మరుసటి ఏడు, కోర్టు దాకా పోకుండా తగాదాలు ఊళ్లోనే తీర్చడానికి మధ్యవర్తిత్వ కేంద్రం పెట్టారు. ఊరు నమ్మే మనిషి కావాలన్నప్పుడు మాజీ సర్పంచ్ కొమురెల్లి ఆమె పేరే చెప్పాడు. మూడు రోజుల శిక్షణకు నిర్మల్ వెళ్లివచ్చింది. తీర్పు చెప్పకూడదు, ఇద్దరి మాటా వినాలి, ఎవరి దారి వాళ్లే వెతుక్కునేటట్టు చేయాలి అని అక్కడ నేర్పారు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. ఆడమనిషికి దెబ్బలు తగిలిన చోట రాజీకి కూర్చోబెట్టకండి, పోలీసుల దగ్గరికో కోర్టుకో పంపండి అని. దెబోరా ఆ మాట రాసుకొని దాని కింద గీత కూడా గీసింది.

పని ఆమెకు బాగా వచ్చింది. పదేళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు పొలం బాట విషయంలో ఆమె ముందు కూర్చొని ఒప్పుకున్నారు. మేకలు చేను మేసిన తగాదాలు, గోడ తగాదాలు, పోలీసు కేసు దాకా పోయి వెనక్కి వచ్చిన తగాదాలు. రెండేళ్లలో ఇరవై తొమ్మిది తెగాయి. జిల్లాలో ఇన్ని తగాదాలు తెగిన కేంద్రం ఇంకొకటి లేదని కొమురెల్లి అందరికీ చెప్పుకునేవాడు. వింటుంటే దెబోరాకూ బాగానే ఉండేది.

ముప్పయ్యవది వినోదది.

వినోద కూడా దెబోరా చేతుల్లో పుట్టిన పిల్లే. ఆమె భర్త ముత్యం మస్కట్‌లో నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు. వచ్చిన వారానికే ఆమె ఫోన్ గుంజుకొని, ఎవరితో మాట్లాడినవ్ అని మొదలుపెట్టాడు. మూడు నెలలకు వినోద పెదవి పగిలి, తల్లి బాలవ్వ ఇంటికి వచ్చేసింది. పోలీస్ స్టేషన్‌కు పోతానంది. కొమురెల్లి వాళ్లను దారిలోనే ఆపి కేంద్రానికి తీసుకొచ్చాడు.

దెబోరా ముందు వినోదతో విడిగా మాట్లాడింది.

“నాకు ఆయనతోని ఉండుడు ఇష్టం లేదు సిస్టరమ్మా. పానం పోతదని భయమైతుంది.”

తర్వాత ముత్యంతో మాట్లాడింది. అతను తల వంచుకొని కూర్చున్నాడు.

“కొట్టినవా?”

“కొట్టిన. అబద్ధమెందుకు. కోపమొస్తే చెయ్యి ఆగుతలేదు. ఇగ కొట్ట, ఒట్టు. కానీ కాయిదంల మాత్రం కొట్టినట్టు రాయకుర్రి. రేపు కేసు గీసు అయితే నాకు మళ్ల వీసా రాదు. రాస్తే నేను సంతకం పెట్ట.”

దెబోరా బయటికి వచ్చింది. ఇక్కడితో ఆపి ఆ పిల్లను స్టేషన్‌కు పంపాలని ఆమెకు తెలుసు. కొమురెల్లి వరండాలోనే నిలబడి ఉన్నాడు.

“తెగినట్టేనా సిస్టరమ్మా? గీదొక్కటి తెగితే ముప్పై. పెద్ద జడ్జి సారు వస్తుండట, నిన్ను శాలువ కప్పి మెచ్చుకుంటడు. పోరడు ఒప్పుకుంటుండు గదా, ఇంకేం గావాలె?”

దెబోరా లోపలికి వెళ్లి కాగితం తీసుకుంది. గుండ్రటి అక్షరాలతో తనే రాసింది. భార్యాభర్తల మధ్య చిన్న చిన్న మాటపట్టింపులు తప్ప కొట్టడం అనేది ఏనాడూ జరగలేదని, ఇద్దరూ ఇష్టపూర్వకంగా కలిసి ఉండడానికి ఒప్పుకున్నారని.

వినోద రెండుసార్లు చదివింది. “గిది అబద్ధం గదా సిస్టరమ్మా?”

“కాయిదంల ఏముంటే ఏంది బిడ్డా. నీ కాపురం నిలబడాలె. ఆయన ఒట్టు వెట్టిండు. నేనున్న గదా, నెలకోపారి వచ్చి చూసిపోత.”

“నువ్వు చెప్పినవని పెడుతున్న,” అని వినోద సంతకం పెట్టింది.

మొదటి నెల దెబోరా వెళ్లింది. ముత్యం చాయ్ తెప్పించాడు, వినోద తల ఎత్తలేదు. ఇంట్లో కొత్త కాబట్టి సిగ్గుపడుతోందని దెబోరా తనకు తాను చెప్పుకుంది. కొత్త ఏమిటి, ఆ పిల్ల కాపురానికి వచ్చి ఆరేళ్లయింది. రెండో నెల చర్చి పనుల్లో పడి వెళ్లలేదు.

ఆ నెలలోనే ముత్యం వినోద ఎడమ చెవి మీద ఇనుప గంటెతో కొట్టాడు. దెబోరా నిర్మల్ ఆస్పత్రికి పరుగెత్తింది. చెవిపొర పూర్తిగా చిరిగిందని, లోపలి నరం దెబ్బతిన్నదని, ఆ చెవి ఇక వినబడదని డాక్టర్ చెప్పాడు. మంచం పక్కన కూర్చున్న బాలవ్వ ఆమెను చూసి మొహం తిప్పుకుంది.

వినోద మాత్రం నెమ్మదిగానే అంది. “ఇటు దిక్కు వచ్చి మాట్లాడు సిస్టరమ్మా. అటు దిక్కు ఇనొస్తలేదు.”

ఈసారి కేసు అయింది. వినోదే జారి బండ మీద పడిందని ముత్యం చెప్పాడు. అతని తరఫు వకీలు కోర్టులో మొట్టమొదట పెట్టింది ఆ రాజీపత్రాన్నే. దెబోరా సాక్ష్యం చెప్తానంది. కొమురెల్లి ఇంటికి వచ్చి బతిమాలాడు.

“లోపల మాట్లాడింది బయట వెట్టొద్దని నువ్వే అందరికి చెప్తివి. ఇప్పుడు నువ్వే చెప్తే ఇగ మన దగ్గరికి ఎవరొస్తరు?”

“నా దగ్గరికి ఎవరు రావొద్దు కొమురెల్లీ,” అంది దెబోరా.

ఆడవాళ్లను కొట్టిన మాట దాచాలని ఏ రూలూ లేదని వినోద వకీలు చెప్పాడు. దెబోరా బోనులో నిలబడి, ముత్యం ఆ రోజు తన ముందు ఒప్పుకున్న మాటలన్నీ చెప్పింది. అప్పుడు ముత్యం వకీలు లేచి కాగితం ఆమె చేతికిచ్చాడు.

“ఈ చేతిరాత ఎవరిది?”

“నాది.”

“కొట్టడం ఏనాడూ జరగలేదని రాసింది మీరేనా?”

“నేనే.”

“మరి అది నిజమేనా?”

“కాదు. తెలిసే అబద్ధం రాసిన.”

“అప్పుడు తెలిసి అబద్ధం రాసిన మీరు, ఇప్పుడు నిజం చెప్తున్నరని కోర్టు ఎట్ల నమ్మాలె?”

దెబోరా ఆ కాగితాన్ని తిరిగి వకీలు చేతికిచ్చింది.

కొట్టింది ముత్యమేనని వినోద చెప్పినా, కొట్టలేదన్న కాగితం కింద ఆమె సంతకం కూడా ఉంది. ఏడాదిన్నర తర్వాత తీర్పు వచ్చింది. దెబ్బ నిజమే కానీ ఎవరు కొట్టారన్నది అనుమానానికి తావు లేకుండా రుజువు కాలేదని కేసు కొట్టేశారు. పై కోర్టుకు పోదామని వకీలు అన్నాడు, పోయారు. అది ఇంకా నడుస్తోంది. ముత్యానికి మాత్రం రెండు నెలల్లో వీసా వచ్చింది.

దెబోరా కేంద్రం తాళంచెవి పంచాయతీ ఆఫీసులో ఇచ్చేసింది. కొమురెల్లి ఇంకొకరిని చూసుకున్నాడు. చర్చిలో ఆమె ఇప్పుడు వెనక వరుసలో కూర్చుంటుంది. ఊళ్లో కొందరు ఆ పిల్ల బతుకు పాడుచేసిందని అంటారు, ఇంకొందరు కోర్టుకెక్కి ఊరి పరువు తీసిందని అంటారు. రెండూ ఆమె చెవిన పడతాయి. మొదటి మాటకు ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

వినోద భైంసాలో పత్తి మిల్లు పనికి కుదిరింది. మిషన్ల రొదలో ఒక చెవితో మేస్త్రీ పిలుపు అందక రోజూ తిట్లు తింటుందని బాలవ్వ ద్వారా తెలిసి, దెబోరా ఒకరోజు బస్సెక్కి వెళ్లింది. నిర్మల్‌లో తెలిసిన ఆస్పత్రిలో కూర్చొని చేసే పని ఇప్పిస్తానంది.

వినోద గుమ్మంలోనే నిలబడి విన్నది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని దెబోరాకు అనిపించింది.

“నువ్వు మంచిదానివే సిస్టరమ్మా. మా అవ్వకు కాన్పు చేసినవ్, నన్ను బతికిచ్చినవ్. గది నేను మరువ. కానీ నువ్వు ఏదన్న చెప్తే మళ్ల నీ మాట ఇంటనేమోనని నాకే భయమైతది. ఇగ రాకు.”

ఆమె షిఫ్టుకు టైమైంది. తలుపు గొళ్లెం పెట్టి, దెబోరా పక్కనుంచే మిల్లు వైపు వెళ్లిపోయింది. వెనకనుంచి దెబోరా పేరు పెట్టి పిలిచింది. వినోద ఆగలేదు. ఆ పిలుపు ఆమెకు వినబడలేదో, వినదలుచుకోలేదో దెబోరాకు తెలియలేదు.