బీదరు నుంచి కడపకు నలభై ఎనిమిది నిమిషాలు

నిన్న, జూలై పదిహేడు, గురువారం. నిద్ర లేవగానే మొదటి ఆశ్చర్యం, పక్కింటి మేడగదిలో రేడియో మోగకపోవడం. ఆ గదిలో ఉండే మా సోషల్ సారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారని అమ్మ చెప్పింది.

రెండేళ్ల క్రితం మెట్ల మీద జారి నడుము విరిగాక సారు ఆ గది దాటలేదు. ఒక మంచం, గోడకు దేశపటం, మెదక్ చర్చి గోపురం కొస మాత్రమే కనిపించే కిటికీ. గంటకు మించి కూర్చోవద్దన్నాడు డాక్టరు. బడి అయ్యాక పాఠాలు చెప్పించుకోవడానికి నేను వెళ్తే, "రా పైలటమ్మా, బయట ఏం నడుస్తుందో జర చెప్పు" అనేవారు. పెద్దయ్యాక విమానం నడుపుతానన్నానని నాకా పేరు పెట్టారు. టమాటా ధర నుంచి బస్టాండులో కొట్లాట దాకా అన్నీ కావాలి ఆయనకు.

సారుకు ఒక్కతే చెల్లెలు. నర్సు ఉద్యోగానికి కడపకు పోయి అక్కడే ఉండిపోయారు. మంచం పట్టిన భర్తను వదిలి ఆమె రాలేరు. రోజంతా రోడ్డు కుదుపులను సారు నడుము ఓర్చుకోదు. అంబులెన్సులో పొమ్మంటే, "గట్ల దిగితే నన్ను చూడకముందే ఏడుస్తది మా చెల్లె" అనేవారు.

అందుకే విమానం. బీదరులో ఎయిర్‌పోర్టు ఉంది; పట్నం ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా అక్కడి దాకా కారు వెనక సీట్లో పడుకుని పోవచ్చు. అక్కడి నుంచి కడప ఎంత? సారు పద్ధతి ఒకటే: పటం మీద రెండు ఊళ్ల మధ్య కుట్టుదారం బిగించి, దాన్ని పటం మూలన ఉన్న కిలోమీటర్ల స్కేలు మీద పెట్టడం. "దారానికి గుంతలుండయి బిడ్డా" అని నవ్వారు. అలా తిన్నగా కొలిచిన దూరాన్ని వాయుదూరం అంటారట. ఆ మాట నచ్చి పేజీ నిండా రాసుకున్నాను. దూరం నాలుగు వందల కిలోమీటర్లు వచ్చింది. చిన్న విమానం గంటకు ఐదు వందలు పోతుంది. అంటే నలభై ఎనిమిది నిమిషాలు! సారు అక్కడికక్కడే చెల్లెలికి ఫోన్ చేశారు: "గంట లోపలనే వచ్చి పడుత. అన్నం వండిపెట్టు."

ఆ సాయంత్రం నాన్న ఫోనులో టికెట్ల కోసం వెతికాను. బీదరు నుంచి కడపకు నేరుగా విమానమే లేదు. ఏదో పెద్ద ఊళ్లో దిగి, గంటల తరబడి కూర్చుని, ఇంకోటి ఎక్కాలి. దూరం కొలిచాను గానీ, దాన్ని దాటించేది ఉందో లేదో చూడలేదు.

మర్నాడు చెబుదామని వెళ్తే సారు కొత్త చొక్కా మడత విప్పి చూసుకుంటున్నారు. "ఎండలు తగ్గనీయండ్రి సార్" అన్నాను. తర్వాత వానలన్నాను. రోజూ ఆ మెట్లెక్కుతూ కొత్త సాకు వెతుక్కునేదాన్ని.

నిన్న సాయంత్రం దహనానికి చెల్లెలు, భర్తను ఇరుగుపొరుగుకు అప్పజెప్పి, కారులో వచ్చారు. ఇవాళ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మా అన్న చెప్పే పైలటమ్మవు నువ్వేనా?" అన్నారు. దాచిందంతా చెప్పేశాను.

ఆమె నా చెయ్యి వదల్లేదు. "మా ఇల్లు ఎయిర్‌పోర్టు దగ్గర్నే బిడ్డా. ఏ విమానం యాడికెళ్లి వస్తదో నాకు ఎరికే. బీదరుది లేదని నేను గూడ చెప్పలే. ఎప్పుడొస్తవన్నా అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుడే."

లెక్క తప్పు చేస్తే సారు ఎన్నడూ కోప్పడలేదు. "మళ్ల చెయ్" అనేవారు, అంతే. నిజం చెప్పి ఉంటే ఇంకో దారి వెతికేవారేమో. ఆ అవకాశం మేమిద్దరం ఆయనకు ఇవ్వలేదు.

రేపు మూడో రోజు. పొద్దున ఆరింటికి అస్థికలతో ఆటోలో ఏడుపాయలకు, మంజీరలో కలపడానికి పోతాం. "ఎంతసేపు పడుతది బిడ్డా?" అని ఆమె అడిగారు. తెలియదన్నాను. కుండ ఆమె ఒడిలో ఉంటుంది. ఆటో కుదిపినప్పుడల్లా నేను రెండు చేతులతో దాన్ని పట్టుకోవాలి.